ట్రాక్టర్‌ని మోసే ట్రైలర్ ఎంతుండాలి?

మన ఊళ్లో ట్రాక్టరే ట్రక్కుని లాగుతుంది. ఇక్కడ టెక్సాస్‌లో ఇల్లొకచోట, పొలమొకచోట ఉన్నవాళ్లు ట్రాక్టర్‌నే ట్రైలర్ మీదికెక్కించి, పికప్ వెనక తగిలించి తీసుకెళ్తారు. కొత్తగా భూమి కొన్న మనవాళ్లు నన్నడిగే మొదటి ప్రశ్న, "అన్నా, చవకగా ట్రైలర్ ఎక్కడ దొరుకుతుంది?" ముందు బరువు లెక్కేయమంటాను.

25 హార్స్‌పవర్ లోపు ట్రాక్టర్ ఒట్టిదైతే 1,500 పౌండ్లే ఉండొచ్చు. లోడర్, గడ్డి కోసే డెక్ తగిలిస్తే 2,500 దాకా పోతుంది. చిన్న సింగిల్ యాక్సిల్ ట్రైలర్ మీద చాలావరకు 2,990 పౌండ్లని రాసి ఉంటుంది. సరిపోయిందనుకోకండి. అందులో ట్రైలర్ సొంత బరువూ కలిసే ఉంటుంది. అదో వెయ్యి పోతే మిగిలేది రెండు వేలే!

అందుకే రెండు యాక్సిళ్లు, బ్రేకులు ఉన్న 7,000 పౌండ్ల ట్రైలర్ తీసుకోమంటాను. 16 అడుగుల పొడవుంటే ట్రాక్టర్‌ని ముందుకీ వెనక్కీ జరిపి బరువు సర్దుకోవచ్చు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పికప్ హిచ్ మీద పడాలి. బరువంతా వెనక్కి పోతే హైవే మీద ట్రైలర్ పాములా ఊగి, లాగే బండినీ తిప్పేస్తుంది. పికప్ ఎంత లాగగలదో కూడా చూసుకోండి. నాలుగు మూలలా గొలుసులు బిగించాకే కదలండి. మన వెనక కార్లలో పిల్లలుంటారు.