ఫ్లూ జ్వరం మెదడును దెబ్బతీసే వేళ

ఇన్‌ఫ్లుయెంజా ప్రధానంగా ముక్కు, గొంతు, ఊపిరితిత్తులకు సోకే వైరస్ వ్యాధి, చాలామందిలో అది వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. అయితే బహు అరుదుగా, ముఖ్యంగా చిన్నపిల్లల్లో, జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే మూర్ఛలు వచ్చి, స్పృహ తప్పి, మెదడు పనితీరు దెబ్బతింటుంది. ఈ స్థితిని వైద్యులు ఎన్‌సెఫలోపతి అంటారు.

దీనిలో అతి తీవ్రమైన రూపాన్ని జపాన్ వైద్యుడు మసాషి మిజుగుచి, ఆయన సహచరులు 1995లో వర్ణించారు. అక్యూట్ నెక్రొటైజింగ్ ఎన్‌సెఫలోపతి అనే ఈ వ్యాధిలో, ఇంద్రియాల సంకేతాలను మెదడు పైపొరకు చేరవేసే థలామస్ అనే భాగం రెండువైపులా దెబ్బతిన్నట్లు ఎంఆర్ఐ స్కాన్‌లో కనిపిస్తుంది. అయినా, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవాన్ని తీసి పరీక్షిస్తే అందులో వైరస్ సాధారణంగా దొరకదు. అందువల్ల వైరస్ మెదడులోకి చొరబడటం కంటే, దాన్ని ఎదుర్కొనేందుకు శరీరం విడుదల చేసే సైటోకైన్లనే పదార్థాలు మితిమీరి, రక్తనాళాల గోడలను దెబ్బతీసి, మెదడులో వాపు కలిగించడమే ప్రధాన కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. కొన్ని కుటుంబాల్లో ఈ వ్యాధి మళ్లీ మళ్లీ రావడానికి ఆర్‌ఏఎన్‌బీపీ2 అనే జన్యువులోని మార్పు కారణమని 2009లో వెల్లడైంది.

వైరస్ ఒక్కటే కారణం కాదనడానికి మరో నిదర్శనం, ఆస్ట్రేలియాలో డగ్లస్ రై బృందం 1963లో వర్ణించిన రై సిండ్రోమ్. ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ తగ్గుముఖం పట్టిన పిల్లల్లో ఆగని వాంతులతో మొదలై, కాలేయంలో కొవ్వు పేరుకుని, మెదడు వాచే ఈ జబ్బుకు, జ్వరానికి వేసిన ఆస్పిరిన్‌తో బలమైన సంబంధం ఉన్నట్లు తర్వాతి అధ్యయనాలు చూపాయి. అమెరికాలో 1980లో 555 మందికి ఈ జబ్బు వచ్చినట్లు నమోదు కాగా, పిల్లలకు ఆస్పిరిన్ వద్దన్న హెచ్చరికలు వ్యాపించాక, 1987 నుంచి 1997 వరకు ఏ ఏడాదీ ఆ సంఖ్య 36 దాటలేదు.

ఎన్‌సెఫలోపతి వచ్చిన పిల్లలకు ఆస్పత్రిలో ఒసెల్టామివిర్ వంటి వైరస్ మందులతోపాటు, మితిమీరిన రోగనిరోధక స్పందనను అణచే స్టెరాయిడ్లను వాడుతుంటారు. సకాలంలో చికిత్స అందినా కొందరు ప్రాణాలు కోల్పోతారు, బతికినవారిలో కొందరికి నడకలోనో మాటలోనో లోపాలు మిగిలిపోతాయి.

పిల్లల్లో జ్వరంతో వచ్చే మామూలు ఫిట్స్ సాధారణంగా కొద్ది నిమిషాల్లో ఆగి, తెలివి తిరిగి వస్తుంది. అలా కాక ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, ఆగాక బిడ్డ మగతగానే ఉన్నా, అసంబద్ధంగా మాట్లాడినా, మనుషులను గుర్తుపట్టలేకపోయినా ఇంటివద్ద ఎదురుచూడక వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వైద్యుడు చెప్పనిదే పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ వేయకూడదు. ఏటా ఫ్లూ టీకా వేయించడం ఈ ముప్పును మూలంలోనే తగ్గించే మార్గం.