దగ్గు మూలం కడుపులో ఉంటే?

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో దగ్గు తగ్గకపోతే ముందు అనుమానించాల్సింది క్షయనే. రెండు వారాలు దాటితే కఫం పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అది ఉచితం. క్షయ లేదని తేలి, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉన్నా దగ్గు ఆగకపోతే? పెద్దల్లో 8 వారాలు మించిన దగ్గును దీర్ఘకాలిక దగ్గు అంటారు. దాని ప్రధాన కారణాల్లో ఉబ్బసం, ముక్కు-సైనస్ సమస్యలతో పాటు కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం కూడా ఒకటి.

ఆమ్లానికీ దగ్గుకీ సంబంధమేమిటి?

అన్నవాహిక చివర ఉండే కండర వలయం ఆహారాన్ని కిందికి పంపి మూసుకుంటుంది. అది వదులైతే జఠరరసం పైకి వస్తుంది. ఈ రసం పీహెచ్ సుమారు 1.5 నుంచి 3.5. కడుపు లోపలి పొర దీన్ని తట్టుకోగలదు, అన్నవాహిక అంతగా తట్టుకోలేదు. ఆమ్లం తుంపరలు గొంతు, శ్వాసనాళాల్లోకి చేరితే దగ్గు వస్తుంది. అంత పైకి రాకపోయినా, అన్నవాహిక కింది భాగంలోని వాగస్ నాడి కొసలు ప్రేరేపితమై దగ్గు పుట్టించగలవు. అందుకే కొందరిలో ఛాతీ మంట లేకుండా దగ్గు ఒక్కటే కనిపిస్తుంది.

ఏం చేయాలి?

రాత్రి భోజనానికీ పడకకీ మధ్య 3 గంటల వ్యవధి ఉంచాలి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15-20 సెంటీమీటర్లు ఎత్తు చేయాలి. తలగడలు పేర్చితే నడుము వంగి కడుపుపై ఒత్తిడి పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోవడం మేలు. అధిక బరువుంటే తగ్గాలి.

ఇప్పసారా, పొగాకు ఆ కండర వలయాన్ని వదులు చేస్తాయి. బస్తర్‌లో ఇష్టంగా తినే ఎర్రచీమల పచ్చడి ‘చాప్డా’ను కొందరు దగ్గుకు మందుగానూ వాడతారు. కానీ అందులో పులుపూ కారమూ ఎక్కువ. తిన్నాక మంట, పుల్లతేన్పులు పెరిగితే మానాలి. కట్టెపొయ్యి పొగ కూడా దగ్గును పెంచుతుంది కాబట్టి వంటచోట గాలి ఆడేలా చూసుకోవాలి.

ఆమ్లాన్ని తగ్గించే మాత్రలను సాధారణంగా భోజనానికి 30-60 నిమిషాల ముందు వేసుకోవాలి. ఛాతీ మంట, పుల్లతేన్పులు లేనివారికి ఈ మాత్రలు మాత్రమే వాడితే దగ్గు తగ్గే అవకాశం తక్కువ. కాబట్టి సొంతంగా కొని వాడొద్దు. మార్పు కనిపించడానికి 2-3 నెలలు పట్టవచ్చు. రక్తపోటుకు వాడే కొన్ని మందులూ పొడిదగ్గు తెస్తాయి, వాటి సంగతి వైద్యుడికి చెప్పాలి.

కఫంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, జ్వరం, మింగడంలో ఇబ్బంది ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ‘గ్యాస్ దగ్గే’ అనుకుని క్షయ పరీక్షను వాయిదా వేయడం రోగికే కాదు, ఇంటిల్లిపాదికీ ముప్పు.