పత్రిక మెచ్చిన అభ్యర్థి

ఎన్నికలు వచ్చినప్పుడు మన గడప ముందుగా తొక్కేది అభ్యర్థి కాదు, అతనిని గూర్చిన వార్త. ఉదయాన్నే పత్రిక తెరిస్తే ఒకరు ప్రజల మనిషి, మరొకరికి ఎదురుగాలి. ఆ మాట ఎవరు చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు అని మీరెప్పుడైనా అడిగారా?

అమెరికాలో పార్లమెంటును కాంగ్రెస్ అంటారు. పార్టీ టికెట్ ఎవరికో ముందుగా ఓటర్లే తేలుస్తారు; అది ప్రైమరీ. మన హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ గారు 2018లో మేరీల్యాండ్‌లో అటువంటి పోటీలో నిలిచి ఓడిపోయారు. ఫలానా వారికి మా మద్దతు అని పత్రికలు సంపాదకీయంలో పేరు పెట్టి, కారణాలతో రాయడం అక్కడి ఆచారం. అయితే 2024 అధ్యక్ష ఎన్నికలో వాషింగ్టన్ పోస్ట్, లాస్ ఏంజిల్స్ టైమ్స్ ఎవరినీ బలపరచలేదు. అది యజమానుల నిర్ణయం.

మన దగ్గర టికెట్ పార్టీ ఇచ్చే బీ-ఫారంతో తేలిపోతుంది. పత్రిక మద్దతు సంపాదకీయం కన్నా వార్తలోనే ఎక్కువగా కలిసి ఉంటుంది. ఎన్టీఆర్ 1982లో పార్టీ పెట్టినప్పుడు ఈనాడు ఆయనకెంత అండగా నిలిచిందో పెద్దలకు జ్ఞాపకమే. 2008లో వచ్చిన సాక్షి వై.ఎస్. కుటుంబం స్థాపించినది. 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ టీఆర్ఎస్ పక్షాన నిలిచినది. ఇవి అందరికీ తెలిసినవే. యజమాని ఎవరో తెలిసి చదివితే ప్రమాదం తక్కువ. సొమ్ము పుచ్చుకొని ప్రకటనను వార్తగా అచ్చువేయడం దానికంటే చెడ్డది. 2009 ఎన్నికల్లో మన రాష్ట్రంలోనూ ఇది జరిగిందని జర్నలిస్టుల సంఘమే బయటపెట్టింది. దీనిపై ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలోని ఇద్దరిలో ఒకరు తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాస్ రెడ్డి గారు. ఒకే పుటలో ప్రత్యర్థులిద్దరూ ఘనవిజయం సాధిస్తారని కనబడితే, ఆ పుట ధర ఎంతో అని అనుమానించండి.

పోనీ, పార్టీని బట్టి తూచుదామా? కొత్వాల్‌గూడ వారి లోక్‌సభ స్థానం చేవెళ్ల. అక్కడ 2014లో కొండా విశ్వేశ్వర్ రెడ్డి గారు టీఆర్ఎస్ నుండి గెలిచారు. 2019లో కాంగ్రెస్ నుండి నిలిచి, టీఆర్ఎస్ అభ్యర్థి రంజిత్ రెడ్డి గారి చేతిలో ఓడారు. 2024లో బీజేపీ నుండి గెలిచారు. అప్పుడు ఓడిన రంజిత్ రెడ్డి గారు కాంగ్రెస్ అభ్యర్థి! జెండాను బట్టి కొలిస్తే ఒకే మనిషికి మూడు తూనికలు వేయాలి.

నాయకులను ఏర్పరచుకొమ్మని యిత్రో మోషేకు చెప్పినప్పుడు (నిర్గమ. 18) సామర్థ్యము, దైవభయము, సత్యముతో పాటు అన్యాయపు లాభాన్ని అసహ్యించుకొనే గుణాన్ని కూడా చూడమన్నాడు. ఈ చివరిది ముఖం చూస్తే తెలియదు. కాగితం చూడాలి. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల ఫలితంగా ప్రతి అభ్యర్థి తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణ పత్రంలో చెప్పి తీరాలి. కేసు ఉన్నంత మాత్రాన దోషి కాడు. ఉద్యమంలో రాస్తారోకో చేసిన కేసు వేరు, భూమి కబ్జా కేసు వేరు. ఏ సెక్షనో చదవండి.

భూముల పుట మరీ శ్రద్ధగా చూడండి. హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ పరివాహకాన్ని కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాలను కట్టడి చేసింది. దానిని ఎత్తివేస్తామనేవారు కొందరు, నిలుపుతామనేవారు కొందరు. అమ్ముకోలేని రైతు బాధ నిజమే, చెరువు నీరూ నిజమే. అయితే మాట ఇచ్చే అభ్యర్థికి ఆ గ్రామాల్లో ఎన్ని ఎకరాలున్నవి? సర్వే నంబరుతో సహా ఆ పత్రంలో ఉంటుంది. పత్రిక చెప్పకపోవచ్చు.

ఇంకొక మాట. ఎన్నికల ముందు ఆదివారం అభ్యర్థి మందిరానికి వచ్చి తల వంచితే పాస్టరుగారు ప్రార్థన చేయవచ్చు. మరునాడు ఆ ఫోటో పత్రికలో "క్రైస్తవుల మద్దతు" అయిపోతుంది! మతం పేర ఓటు అడగడం చట్టరీత్యా అక్రమం. 2017 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరింత స్పష్టం చేసింది.

నామినేషన్లు పడగానే ఆ ప్రమాణ పత్రాలు రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డుపైన, ఎన్నికల సంఘం వెబ్‌సైటులోను ఉంచుతారు. ఫోను వాడకం తెలిసిన యౌవనస్థులు వాటిని తీసి పెద్దలకు చదివి వినిపించండి. ఒక్కరిది కాదు, పోటీలో ఉన్న వారందరివీ.