జీఆర్‌ఈకి మూడువేల పదాలు బట్టీ పట్టాలా?

బీటెక్ మూడో ఏడాదిలోకి రాగానే ఇంట్లో అమెరికా మాట మొదలవుతుంది. ఆ వెనకే సీనియర్ల నుంచి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ దిగుతుంది. జీఆర్‌ఈకి తప్పక బట్టీ పట్టాల్సినవంటూ మూడువేల పైచిలుకు పదాలు! ఎందరో పిల్లలు నెలల తరబడి దానికే అంకితమవుతున్నారు. విదేశీ చదువుల పరీక్షల చుట్టూ అల్లుకున్న అపోహల్లో ఎక్కువ కాలాన్ని మింగేది ఇదే.

పదాల పట్టికకు నిజంగానే విలువున్న రోజులుండేవి. అప్పట్లో ఒక పదమిచ్చి వ్యతిరేకార్థం అడిగేవారు. రెండు పదాల సంబంధం చూపి, అలాంటి మరో జంటను వెతకమనేవారు. పదం తెలియకపోతే చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండేది కాదు. 2011 ఆగస్టులో పరీక్షను మార్చినప్పుడు ఆ రెండు రకాల ప్రశ్నలూ తీసేశారు. పట్టిక మాత్రం ఇప్పటికీ ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి అందుతూనే ఉంది. నేటి వెర్బల్‌లోని 27 ప్రశ్నల్లో దాదాపు సగం పేరా ఇచ్చి అడిగేవే: రచయిత వాదన ఏమిటి, ఫలానా వాక్యం అక్కడ ఎందుకుంది అని. మిగతావి ఖాళీలు. వాటిలోనూ వాక్యం ఏ మాట దగ్గర ఎదురు తిరిగిందో పట్టుకుంటేనే జవాబు చిక్కుతుంది. మూడు ఖాళీల్లో రెండు సరిగ్గా నింపి ఒకటి తప్పితే ఆ ప్రశ్నకు వచ్చేది సున్నాయే. పదాలు అక్కర్లేదని కాదు, వాక్యంతో పాటు నేర్చుకోవాలి. ఆ నెలల్లో రోజుకో మంచి ఇంగ్లిష్ వ్యాసం శ్రద్ధగా చదివితే పదమూ వస్తుంది, చదివే ఒడుపూ వస్తుంది.

తెలియని ప్రశ్న వదిలేయాలన్నది జేఈఈ నేర్పిన భయం. జీఆర్‌ఈలో, ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో నెగెటివ్ మార్కులు లేవు. మన ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) లాగే ఇక్కడా ఖాళీగా వదిలితేనే నష్టం.

రెండోసారి రాస్తే యూనివర్సిటీ చులకనగా చూస్తుందనేదీ నిజం కాదు. జీఆర్‌ఈలో ఏ రోజు రాసిన స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు. పంపనిది వాళ్లకు కనిపించదు. 21 రోజుల వ్యవధితో, పన్నెండు నెలల్లో ఐదుసార్లు రాయొచ్చు. ఫీజు మాత్రం ప్రతిసారీ కట్టాలి, అదే అసలు భారం.

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ అనగానే యాస మార్చుకోవాలని తంటాలు పడతారు. 11 నుంచి 14 నిమిషాల ఆ సంభాషణలో చూసేవి ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఉచ్చారణ అంటే ఎదుటివారికి స్పష్టంగా అర్థం కావడమే. తెచ్చిపెట్టుకున్న యాసతో ఆ స్పష్టతే పోతుంది. గుంటూరు పలుకుబడి వినిపిస్తే మార్కులు తగ్గవు.

దీనికంటే నిశ్శబ్దంగా దెబ్బతీసేది మొత్తం బ్యాండ్ చూసుకుని నిశ్చింతగా ఉండటం. లిజనింగ్ 6.5, రీడింగ్ 6.5, రైటింగ్ 5, స్పీకింగ్ 7 వచ్చాయనుకోండి. సగటు 6.25, దాన్ని 6.5గా లెక్కిస్తారు. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. కానీ మొత్తం 6.5తో పాటు ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదనే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. అక్కడ రైటింగ్ దగ్గరే దరఖాస్తు ఆగిపోతుంది.

"320 దాటితే సీటు ఖాయం, సీటొస్తే వీసా ఖాయం" అనే మాట కన్సల్టెన్సీల్లో తరచూ వినిపిస్తుంది. జీఆర్‌ఈకి పాస్ మార్కంటూ లేదు. కరోనా తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు ఆ స్కోరు అడగడమే మానేశాయి. ఒకే యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ అడిగి, పక్కది అడగకపోవచ్చు. అందుకే చూడాల్సింది మీరు చేరబోయే కోర్సు పేజీని. ఇక వీసా అధికారి ముందు తేలాల్సింది చదువుకే వెళ్తున్నారా, ఖర్చుకు డబ్బుందా, తిరిగొచ్చే ఉద్దేశముందా అన్నవి. 330 వచ్చినవాళ్లకూ తిరస్కరణ రావొచ్చు.

ఇంటి నుంచి రాసే జీఆర్‌ఈలో పక్కన ఎవరినైనా కూర్చోబెట్టొచ్చని ఆశపెట్టేవాళ్లను దయచేసి నమ్మొద్దు. గదంతా కెమెరాలో చూపించాలి, పరీక్షంతా రికార్డవుతుంది. ఫలితం వచ్చాక కూడా స్కోరు రద్దు చేయగలరు.

రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్దామనుకునేవాళ్లకు ఒక లెక్క. జీఆర్‌ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ రెండేళ్లే. మొదటిది కాలేజీలో ఉండగానే రాసేయొచ్చు. ఇంగ్లిష్ పరీక్షను దరఖాస్తు చేసే ఏడాదికి ఉంచుకోండి.