విడదీసే చోటే విడిపోరాదు

ఇంగ్లండులో ఆర్.జె. మిచెల్ రూపకల్పన చేసిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం 1936 మార్చి 5న తొలిసారి గాలిలోకి లేచింది. దాని రెక్కల కొనల మధ్య దూరం 11.23 మీటర్లు. నేటికీ పలు దేశాల ఔత్సాహికులు దాని నమూనాలను నిర్మించి, నేలపై నిలబడి రేడియోతో నడుపుతున్నారు. నాలుగో వంతు పరిమాణంలో చేసినా రెక్కల నిడివి 2.8 మీటర్లవుతుంది. అంతటి నమూనా కారులో పట్టదు. కనుక రెక్కలను ఊడదీసే ఏర్పాటు ఉండి తీరాలి. చిక్కంతా అక్కడే ఉన్నది.

తాటిమట్టను చూడండి. కొన పలుచన, మొదలు దళసరి. ఆకు ఎక్కడ ఊగినా ఆ భారమంతా చివరికి మొదలే మోయాలి. విమానపు రెక్క సంగతీ అంతే. స్పిట్‌ఫైర్ రెక్కలోని ప్రధాన దూలాన్ని చదరపు గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చి తయారుచేశారు. మొదలు దగ్గర పొరలు ఎక్కువ. కొనకు పోయేకొద్దీ తక్కువ. నమూనా నిర్మాత మాత్రం బలం అత్యధికంగా కావలసిన ఆ మొదలునే తెంపి, మళ్ళీ కలపవలసి వస్తుంది.

స్థూలంగా లెక్క వేద్దాం. నమూనా బరువు 15 కిలోలు. వేగంగా క్రిందికి దూకి, చటుక్కున పైకి మళ్ళినప్పుడు రెక్కలపై భారం ఆరు రెట్లయితే 90 కిలోలు; ఒక్కొక్క రెక్కకు 45. ఆ బలం అతుకుకు సుమారు 60 సెంటీమీటర్ల దూరాన పనిచేస్తుంది. రెండింటినీ కలిపే గొట్టం రెక్కలోనికి 30 సెంటీమీటర్లు చొచ్చుకొని ఉంటే, లోపల దాని కొస వద్ద కనీసం 90 కిలోల ఒత్తిడి పడుతుంది. పది సెంటీమీటర్లే ఉంటే అది 270 కిలోలకు పెరుగుతుంది. గొట్టం వంగకపోయినా దానిని పట్టుకొన్న కొయ్య చీలిపోతుంది.

అందుకే అనుభవజ్ఞులు అల్యూమినియం లేక కార్బన్ నార గొట్టాన్ని మొండెం గుండా అడ్డంగా పోనిచ్చి, రెక్కలో దానికి పొడవైన ఒర అమరుస్తారు. ఆ ఒరను పైపొరకు కాక, రెక్క దూలానికే గట్టిగా అతుకుతారు. కత్తి ఒరలో ఇమిడినట్లు గొట్టం అందులో ఇమడాలి: వదులైతే రెక్క అల్లాడుతుంది, మరీ బిగువైతే ఊడిరాదు. రెక్క మెలితిరగకుండా వెనుక మరొక చిన్న సీల ఉంటుంది. మరబోల్టు పని రెక్క జారిపోకుండా ఆపడమే. వంపు భారాన్ని అది మోయరాదు.

ఇంత చేసినా వివేకవంతుడైన నిర్మాత వెంటనే ఎగురవేయడు. నమూనాను వెల్లకిలా ఉంచి, లెక్కకు తగినన్ని ఇసుక సంచులను రెక్కలపై పేర్చి చూస్తాడు. అతుకు నేలపై విరిగితే కొన్ని నెలల శ్రమ వృథా అవుతుంది. ఆకాశంలో విరిగితే క్రింద నిలిచినవారి ప్రాణాలకే ముప్పు.