సెప్టిక్ ట్యాంకు సంరక్షణము

మన గ్రామములందు పెక్కు ఇండ్లలో సెప్టిక్ ట్యాంకు లున్నవి. కట్టించినంతనే పని ముగిసినదని పలువురు తలచుచున్నారు. అది సరి కాదు.

ట్యాంకులో మడ్డి అడుగునకు దిగును. తెట్టు పైకి తేలును. నడిమి నీరు మాత్రము ఇంకుడు గుంతకు పోవును. మడ్డి మిక్కిలి పేరుకొనినచో అదియు గుంతను చేరి, నీరింకు నేలను పూడ్చివేయును. అప్పుడు క్రొత్త గుంతను త్రవ్వింపవలసి వచ్చును. కావున రెండు మూడేండ్ల కొకమాఱు, మడ్డిని పీల్చు ట్యాంకరు బండిచే దానిని తీయింపవలెను. మూడేండ్లనగా 36 నెలలు. బండికగు వ్యయమును 36 భాగములు చేసి, నెలకొక భాగము దాచినచో భారము తోపదు.

సొమ్ము మిగులునని మనుష్యుని లోనికి దింపరాదు. లోపలి విషవాయువు క్షణములలో ప్రాణము తీయును. రక్షింప దిగినవారును మరణించుట కలదు. 2013 సంవత్సరపు చట్టము ప్రకారము, తగిన రక్షణ సాధనములు లేక మనుష్యునిచే ట్యాంకు శుభ్రము చేయించుట నేరము. మొదటి తప్పునకే 2 ఏండ్ల వఱకు చెఱ గాని, 2 లక్షల రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

చట్టమునకు వెఱచి మాత్రమే కాదు, ఆ పనికి దిగువాని బిడ్డలును మన బిడ్డల వలె బడికి పోవలసిన వారేయని తలచి, ప్రతి గృహస్థుడును మెలకువ వహింపవలెనని మేము కోరుచున్నాము.