బురదలో బ్యాటరీ

గౌతమి ఒడ్డున యానాంలో పెరిగిన పిల్లలకు మడ బురద కొత్త కాదు. కోరంగి వైపు వెళ్ళి అందులో అడుగేసి కాలు పైకి లాగితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది. ఆ బురద నుంచి కరెంటు తీయొచ్చంటే మా తొమ్మిదో తరగతి పిల్లలు నవ్వారు.

సంగతేమిటంటే, రాలిన ఆకులు, చచ్చిన చేపలు, పీతలు అడుగున చేరి కుళ్ళుతాయి. పైపొర దాటితే అక్కడ ఆక్సిజన్ ఉండదు. మనం తిన్న అన్నంలోంచి విడిపోయిన ఎలక్ట్రాన్లను చివరికి మనం పీల్చిన ఆక్సిజనే అందుకుంటుంది. బురదలోని సూక్ష్మజీవులకు ఆ వీలు లేదు. కొన్ని వాటిని సల్ఫేటుకు అప్పగిస్తాయి. ఆ వాసన అలా పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడుదే. జియోబాక్టర్ వంటివి ఇనుప ఆక్సైడుకు ఇస్తాయి. పక్కన కార్బన్ కడ్డీ పాతితే దానికీ ఇస్తాయి! ఆ కడ్డీని పైన నీళ్ళలో వేలాడే మరో కడ్డీకి తీగతో కలిపితే, ఎలక్ట్రాన్లు తీగ వెంట వెళ్ళి నీటిలోని ఆక్సిజన్‌ను చేరతాయి.

అభయారణ్యం జోలికి పోకుండా కాలవ గట్టు నుంచి నాలుగు బకెట్ల బురద తెచ్చాం. అయిపోయిన టార్చి సెల్లుల నుంచి కడ్డీలు మేమే తీశాం, ఆ నల్లపొడి పిల్లల చేతికి అంటకూడదు. మొదట రెండు కడ్డీలూ బురదలోనే గుచ్చి, మీటరు కదలకపోతే సూక్ష్మజీవులను తిట్టుకున్నాం. తప్పు మాదే. ఒకటి పైన నీళ్ళలో ఉండాలి. ఇంకో చిక్కు: విద్యుద్విశ్లేషణ పాఠంలో ఆనోడ్ అంటే ధన ధ్రువమని చెప్పాం. ఇక్కడ బురదలోని ఆనోడ్ రుణ ధ్రువం. పిల్లలు నిలదీశారు. ఆక్సీకరణ ఎక్కడ జరిగితే అదే ఆనోడ్ అని మళ్ళీ మొదటి నుంచి చెప్పాం.

పది రోజులకు ఒక్కో బకెట్ అర వోల్టు చూపింది. నాలుగూ వరసగా కలిపితే రెండు. ఎర్ర ఎల్‌ఈడీ తగిలించాం. వెలగలేదు. బల్బు మార్చినా అంతే. తగిలించగానే వోల్టేజి కూలిపోయింది. వోల్టేజి ఉంది, ప్రవాహమే చాలడం లేదు.

సముద్రపు బురదలో చదరపు మీటరు ఎలక్ట్రోడుకు సుమారు 10 నుంచి 30 మిల్లీవాట్లు వస్తాయి. 20 అనుకుని 9 వాట్ల బల్బుకు లెక్క కట్టమన్నాం. 450 చదరపు మీటర్లు, అంటే 11 సెంట్లు. "బల్బు కోసం ఇంత జాగా తవ్వాలాండీ?" అన్నాడొకడు.

అక్కర్లేదు. బ్యాటరీ మార్చడం కష్టమైన చోట ఇది పనికొస్తుంది. వాషింగ్టన్ దగ్గర పొటోమాక్ నదిలో ఉష్ణోగ్రత, గాలి పీడనం, తేమ కొలిచే బోయా ఒకటి ఇలా బురద కరెంటుతోనే నడిచింది. దానికి కావలసింది 18 మిల్లీవాట్లే. 2008లో ఆ వివరాలు అచ్చయ్యాయి. జియోబాక్టర్‌ను 1987లో కనుగొన్నదీ ఆ నది బురదలోనే.

హోసూరు బడులకు సముద్రం లేదన్న బెంగ వద్దు. చెరువు బురదైనా చాలు.

మా పిల్లలు ఇప్పుడు ఒక బకెట్లో ఎండాకుల పొడి, ఇంకోదాంట్లో రొయ్యల పొట్టు కలిపి, ప్రార్థన గంటకు ముందే మీటరు పెట్టి రాసుకుంటున్నారు. రొయ్యల బకెట్ ముందుందని ఒక జట్టు, అందులో నీళ్ళు తగ్గాయి గనుక ఆ లెక్క చెల్లదని ఇంకో జట్టు.